ఆరేళ్ల ఫోను: బ్యాటరీ మార్చాలా, ఫోనే మార్చాలా?

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర ఒక ఊరు. నేను బీడీలు చేస్తాను. మా ఆయన తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో పని చేస్తున్నారు. 2019 దసరాకు ఆయన పంపిన పైసలతో ఒక ఫోను కొనుక్కున్నాను. 3 జీబీ ర్యామ్, 32 జీబీ మెమరీ ఉన్నది. ఇప్పుడు పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టినా మధ్యాహ్నానికి అయిపోతున్నది. ఆయనతో వీడియో కాల్ మాట్లాడుతుంటే 30 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా ఆగిపోతున్నది. పిన్నును ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప ఛార్జింగ్ ఎక్కడం లేదు. మెమరీ నిండిందని రోజూ చెబుతుంది. ఆయన పంపే డబ్బు పడే బ్యాంకు ఖాతా, ఫోన్‌పే అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా బిడ్డ పాఠాలు కూడా ఇందులోనే వింటుంది. అది ఆండ్రాయిడ్ 10 అనీ, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ 2021 నవంబరులో వచ్చిందనీ బిడ్డే చూసి చెప్పింది. ఆయన వచ్చే నెల సెలవు మీద వస్తూ అక్కడి నుంచి ఖరీదైన ఫోను తెస్తానంటున్నారు. అంత ఖర్చు ఎందుకు, బ్యాటరీ మారిస్తే సరిపోదా అని నా ఆలోచన. పైగా పోయినేడు కాలం చేసిన మా అత్తమ్మ తన కొడుకు కోసం వాట్సాప్‌లో మాట్లాడి పంపిన మాటలు ఈ ఫోనులోనే ఉన్నాయి. ఫోను మారిస్తే అవి పోతాయేమోనని భయంగా ఉన్నది. ఏం చేయమంటారు?
— ఒక బీడీ కార్మికురాలు, జగిత్యాల జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. మీ ఫోను పారవేయవలసినంతగా పాడు కాలేదు కనుక దాన్ని బాగు చేయించండి. అయితే బ్యాంకు లావాదేవీలను మాత్రం అందులో ఇంకా కొనసాగించవద్దు, వాటి కోసం మధ్యరకం ధరలో ఒక కొత్త ఫోను కొనండి. ఆ కొత్త ఫోనును దుబాయ్‌లో కాకుండా, మీ ఆయన సెలవు మీద వచ్చిన తర్వాత జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఇద్దరూ కలిసి వెళ్లి తీసుకోండి. నేను వరంగల్‌లో ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఇరవై రెండేళ్ల పాటు ఎలక్ట్రానిక్స్ బోధించి, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. ఫోను ఆగిపోయినప్పుడు మనుషులు పడే ఆందోళనను దగ్గరి నుంచి చూసినవాణ్ని కనుక మీ ఉత్తరంలోని ప్రతి మాటనూ విడివిడిగా తీసుకుని చదివాను.

మొదట ఛార్జింగ్ పిన్ను సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి బహుశా ఒక్క పైసా ఖర్చు కాదు. మీరు తునికాకు కత్తిరించుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే వేళల్లో ఫోను ఆ చాట పక్కనే ఉంటుందని అనుకుంటున్నాను. పొగాకు పొడి ఎంత సన్నగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అది ఫోను అడుగున ఉన్న ఆ చిన్న రంధ్రంలోకి చేరుతుంది. పిన్ను పెట్టిన ప్రతిసారీ ఆ పొడి లోపలికి నెట్టుకుపోయి, బట్టల నూగుతో కలిసి గట్టిపడి, చివరకు పిన్ను పూర్తిగా లోపలికి దిగకుండా అడ్డుపడుతుంది. మీరు పిన్నును వంచి పట్టుకోవలసి రావడానికి చాలావరకు ఇదే కారణమై ఉండాలి. పొగాకు గాలిలోని తేమను పీల్చుకునే పదార్థం కనుక, అది అక్కడే ఉండిపోతే లోపలి సన్నని లోహపు పలకలు చిలుము పట్టే ప్రమాదం కూడా ఉన్నది. ఫోనును పూర్తిగా ఆపి, పగటి వెలుతురులో ఆ రంధ్రంలోకి చూడండి. అడుగున బూడిద రంగులో అట్ట కట్టినట్టు కనిపిస్తే, పండ్లు కుట్టుకునే చెక్క పుల్లను ఇంకా సన్నగా చెక్కి, పక్కల నుంచి నెమ్మదిగా గీరుతూ బయటికి లాగండి. సూది, పిన్నీసు వంటి ఇనుప వస్తువులు వాడితే లోపలి పలకలు వంగిపోతాయి. నోటితో ఊదితే తడి చేరుతుంది. ఒకసారి నా దగ్గరకు తెచ్చిన ఒక ఫోనులోంచి జొన్నగింజంత ముద్ద బయటపడింది, ఆ వెంటనే ఛార్జింగ్ మామూలుగా ఎక్కింది. అప్పటికి ఆ ఇంటివాళ్లు కొత్త ఫోను కోసం డబ్బు సర్దుకుని ఉన్నారు. శుభ్రం చేసిన తర్వాత కూడా పిన్ను వదులుగానే ఉంటే ముందు వేరే కేబుల్‌తో ప్రయత్నించండి. అప్పటికీ ఎక్కకపోతేనే ఛార్జింగ్ జాక్ మార్పించే ఆలోచన చేయాలి.

బ్యాటరీ విషయంలో మీ అనుమానం సరైనదే. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 500 నుంచి 800 సార్లు నిండుగా ఎక్కి దిగేసరికి, కొత్తప్పటి శక్తిలో 80 శాతం దగ్గరకు పడిపోతుంది. రోజుకొకసారి నింపుతారనుకుంటే అది ఏడాదిన్నర నుంచి రెండేళ్ల లెక్క. మీ బ్యాటరీ ఆరేళ్లు దాటి నడిచింది. దానికి తోడు దాన్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది వేడి. చుట్టూ 35 డిగ్రీలు దాటిన చోట ఫోను వాడటం, అంతకంటే ముఖ్యంగా ఛార్జింగ్ పెట్టడం బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. మీ జిల్లాలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి కనుక, మన ప్రాంతపు ఫోన్ల బ్యాటరీలు త్వరగా అలసిపోవడంలో వింతేమీ లేదు.

ఇక 30 శాతం చూపిస్తూనే ఆగిపోవడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది ఫోను మొత్తం చెడిపోయిందనడానికి గుర్తుగా పొరబడతారు. చెరువులో నీరు ఉన్నప్పటికీ తూము పూడుకుపోతే కాలువకు చాలినంత నీరు అందదు. బ్యాటరీ ముదిరే కొద్దీ దాని లోపలి నిరోధకత పెరుగుతుంది, లోపల శక్తి మిగిలి ఉన్నా అది ఒక్కసారిగా ఎక్కువగా బయటికి రాలేదు. మామూలు మాటలకు, సందేశాలకు ఆ కాస్త శక్తి సరిపోతుంది. వీడియో కాల్‌లో మాత్రం కెమెరా, తెర, స్పీకరు, ఇంటర్నెట్ అన్నీ ఒకే సమయంలో శక్తిని లాగుతాయి, దాంతో వోల్టేజి ఒక్కసారిగా కుంగిపోయి ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. కాబట్టి మీ ఆయనతో మాట్లాడేటప్పుడే ఇది జరగడం యాదృచ్ఛికం కాదు, మంచి బ్యాటరీ వేయించగానే దాదాపుగా పోయే లోపం ఇది.

మంచి బ్యాటరీ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. నాలుగేళ్ల కిందట నేను తొందరపడి, దగ్గరలోని ఒక చిన్న దుకాణంలో చవకగా వస్తుందని పేరు లేని బ్యాటరీ ఒకటి వేయించుకున్నాను. నాలుగు నెలలు తిరగకుండానే అది ఉబ్బి ఫోను వెనుక మూతను పైకి నెట్టింది. మళ్లీ ఖర్చు పెట్టవలసి రావడం ఒక ఎత్తు, అన్ని రోజులూ దాన్ని తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నానన్న తలపు మరొక ఎత్తు. అందువల్ల ముందు మీ ఫోను కంపెనీ వారి సర్వీస్ సెంటరులో ఆ మోడల్ బ్యాటరీ ఇంకా దొరుకుతుందేమో అడగండి. దొరికితే అక్కడే వేయించండి. సాధారణంగా ఇది మధ్యరకం కొత్త ఫోను ధరలో పదోవంతుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. దొరకకపోతే బయట వేయించవచ్చు గాని, బిల్లు మీద కనీసం ఆరు నెలల హామీ రాయించుకోండి, బ్యాటరీ మీద ముద్రించిన తయారీ తేదీని మీ కళ్లతో చూడండి. వాడకుండా పెట్టెలో ఉన్నా బ్యాటరీ ముదురుతుంది, నాలుగేళ్ల కిందట తయారైనదాన్ని కొత్తది అనడానికి లేదు.

ఒక పరీక్ష మాత్రం ఈరోజే చేయండి. ఫోను కవరు తీసి, దాన్ని చదునైన బండ మీద వెల్లకిల పెట్టి ఒక మూల వేలితో నొక్కండి. అది ఊగినా, బొంగరంలా తిరిగినా, తెర అంచు ఎక్కడైనా పైకి లేచినట్టు కనిపించినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అటువంటప్పుడు దాన్ని ఛార్జింగ్ పెట్టవద్దు, నొక్కవద్దు, ఇంట్లో ఎవరూ విప్పే ప్రయత్నం చేయవద్దు. ఆపివేసి, పొగాకు, ఆకు, బట్టలు వంటి మండే వస్తువులకు దూరంగా పెట్టి, మరుసటి రోజే మెకానిక్ దగ్గరకు చేర్చండి.

మెమరీ నిండటం చిన్న సమస్య. 32 జీబీలో చాలాభాగం ఆండ్రాయిడ్‌కూ యాప్‌లకూ పోగా, మిగిలినది శుభోదయాల బొమ్మలతో, గ్రూపుల్లో వచ్చే వీడియోలతో నిండుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అన్న చోటికి వెళితే ఏ గ్రూపు ఎంత జాగా తింటున్నదో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా చూపిస్తుంది, అక్కడి నుంచే తొలగించవచ్చు. అయితే అత్తమ్మ మాటలను భద్రపరిచేవరకు మీరు గాని, బిడ్డ గాని ఒక్కటి కూడా చెరపవద్దు. ఆ సంగతి చివర చెబుతాను.

ఇంతవరకు చెప్పినవన్నీ బాగయ్యేవే. మరి కొత్త ఫోను ఎందుకంటున్నానంటే, మీ బిడ్డ సెట్టింగ్స్‌లో చూసి చెప్పిన ఆ ఒక్క తేదీ వల్ల. ఆండ్రాయిడ్‌లో దొంగలు చొరబడటానికి వీలున్న లోపాలు ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి. గూగుల్ సంస్థ వాటిని సరిదిద్దే మార్పులను క్రమం తప్పకుండా విడుదల చేస్తుంది, ఫోను కంపెనీలు వాటిని తమ ఫోన్లకు పంపుతాయి. ఒక మోడల్‌కు కొన్నేళ్లు పంపి తర్వాత ఆపేస్తాయి. మీ ఫోనుకు 2021 నవంబరుతో ఆగిపోయింది. ఆ తర్వాత బయటపడిన లోపాలన్నీ ప్రపంచానికి తెలిసినవే, మీ ఫోనులో మాత్రం తెరిచే ఉన్నాయి. ఆండ్రాయిడ్ 10 వచ్చింది 2019లో. 2025 నాటికి ఆండ్రాయిడ్ 16 వచ్చింది. బ్యాటరీని మెకానిక్ మార్చగలడు, జాక్‌ను మార్చగలడు, ఈ అప్‌డేట్లను మాత్రం ఏ దుకాణంలోనూ వేయించుకోలేము. పాటలు వినడానికో పాఠాలు చూడటానికో అయితే ఆ ఫోనే చాలునని నేనే చెప్పేవాణ్ని. కాని మీ ఆయన దుబాయ్ ఎండలో చెమటోడ్చి పంపే డబ్బు ఆ ఫోను గుండా వెళుతున్నది. నెలనెలా ఇల్లు నడిపే ఆ ఖాతాను నాలుగేళ్లకు పైగా మరమ్మతు లేని తలుపు వెనుక ఉంచడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

పాత ఫోన్లలో యాప్‌లు కూడా ఎల్లకాలం నడవవు. వాట్సాప్ నేడు ఆండ్రాయిడ్ 5 కంటే పాతవాటిలో పని చేయదు. మీ ఆండ్రాయిడ్ 10కు ఆ గడువు ఇంకా రాలేదు గాని, బ్యాంకు యాప్‌లు ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉంటాయి. ఆ రోజు వచ్చేదాకా ఆగి, డబ్బు అత్యవసరమైన పూట హడావుడిగా ఏదో ఒక ఫోను కొనడం కంటే ఇప్పుడు నిదానంగా కొనడం మేలు.

అయితే కొత్త ఫోను ఉంటే మోసాలు జరగవని మాత్రం అనుకోకండి. మన ప్రాంతంలో ఖాతాలు ఖాళీ అవుతున్నది ఎక్కువగా మాటలతోనే. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఓటీపీ అడిగేవారు ఉన్నారు. పథకం డబ్బు వచ్చిందనో, చలానా పడిందనో వాట్సాప్‌లో ఏపీకే అన్న ఫైలు, అంటే ఫోనులో కొత్త యాప్‌ను చేర్చే ఫైలు, పంపి నొక్కమనేవారు ఉన్నారు. ఆ ఫైలును మనమే నొక్కి తెరిచి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఎంత కొత్త ఫోనైనా మనల్ని పూర్తిగా కాపాడలేదు. ప్లే స్టోరు నుంచి తప్ప మరెక్కడి నుంచీ యాప్ వేసుకోవద్దని బిడ్డకు కూడా చెప్పండి. ఎప్పుడైనా పొరపాటు జరిగి డబ్బు పోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.

ఏ ఫోను కొనాలన్నదానికి కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లన్న లెక్క మీకు అక్కరలేదు. 6 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ ఉంటే మీ అవసరాలకు చాలు. దుకాణంలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు వస్తాయన్నది. అమ్మేవారికి తెలియకపోతే కంపెనీ వెబ్‌సైటులో చూపించమనండి. 2024లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 వంటి మధ్యరకం ఫోనుకు కూడా ఆరేళ్ల అప్‌డేట్ల హామీ ఇచ్చారు కనుక, ఆ మాత్రం హామీ అడగడం అత్యాశ కాదు. రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయే ఫోను వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినా మీకు నష్టమే. మన దేశంలో 5జి 2022 అక్టోబరులో మొదలైంది, ఇప్పుడు వచ్చే మధ్యరకం ఫోన్లలో అది ఎలాగూ ఉంటుంది, దానికోసం ప్రత్యేకంగా ఎక్కువ పెట్టవద్దు. పాత ఫోను ఇస్తే ధర తగ్గిస్తామంటారు, ఇవ్వవద్దు. ఆరేళ్ల ఫోనుకు వారిచ్చేది చాలా స్వల్పం, మీ ఇంట్లో దానికి ఇంకా పని ఉన్నది.

దుబాయ్ ఫోను విషయంలో మీ ఆయన మనసు నొచ్చుకోకుండా ఈ మాట చెప్పండి. భార్యకు తన చేత్తో ఒక మంచి వస్తువు తెచ్చి ఇవ్వాలన్న ఆయన కోరిక ఎంతో విలువైనది. కాని చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. అక్కడ కొన్న ఫోను ఇక్కడ చెడితే సర్వీస్ సెంటరు వారు డబ్బు తీసుకునే బాగు చేస్తారు, కొన్నిసార్లు ఆ మోడలే ఇక్కడ అమ్మకంలో ఉండదు గనుక విడిభాగాలు దొరకవు. ఆయన తిరిగి వెళ్లిపోయిన తర్వాత ఆ ఫోను చెడితే తిరగవలసింది మీరే. ఇక్కడ కొంటే 18 శాతం జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది. 14,000 రూపాయల ఫోనులో అది సుమారు 2,135 రూపాయలు. ఆ పన్ను కట్టిన బిల్లే రేపు మీకు వారంటీకి ఆధారం. డబ్బు చెల్లించే ముందు పెట్టె మీద ఉన్న 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), ఫోనులో *#06# నొక్కితే వచ్చే నంబరు ఒకటేనా అని సరిచూసి, బిల్లు మీద కూడా అదే రాయించుకోండి. ఫోను ఎప్పుడైనా పోతే 2023లో కేంద్రం ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరుతోనే దాన్ని దేశంలో ఎక్కడా పనిచేయకుండా నిలిపివేయించవచ్చు.

ఆయన ఇంట్లో ఉన్నప్పుడే ఈ మార్పు జరగాలని నేను కోరడానికి మరొక కారణం ఉన్నది. సిమ్‌ను కొత్త ఫోనులో వేశాక ఫోన్‌పే మళ్లీ ఆ సిమ్ నుంచే సందేశం పంపి నంబరును నిర్ధారించుకుంటుంది, మొదటి 24 గంటలు పంపగల మొత్తం మీద పరిమితి కూడా ఉంటుంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ వెళ్లవు కాబట్టి మీరు బోటిమ్ వంటి యాప్‌లో మాట్లాడుతూ ఉండాలి, దాన్ని కూడా మళ్లీ నమోదు చేసుకోవాలి. ఇవన్నీ ఆయన పక్కన కూర్చుని ఉండగా పూర్తయి, రెండు మూడు రోజులు వాడి చూసుకుంటే, ఆయన విమానం ఎక్కిన రాత్రి మీరు ఫోను చేతిలో పట్టుకుని దిక్కు తోచక కూర్చునే పరిస్థితి రాదు. ఆ తర్వాత పాత ఫోనులోంచి బ్యాంకు, ఫోన్‌పే యాప్‌లు పూర్తిగా తీసేసి, బ్యాటరీ మార్పించి, సిమ్ లేకుండా మీ బిడ్డకు ఇవ్వండి. కొత్త ఫోను హాట్‌స్పాట్‌తో తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ పాఠాలు హాయిగా వినవచ్చు. తీసేసిన పాత బ్యాటరీని చెత్తలోకో పొయ్యిలోకో పోనివ్వకుండా మెకానిక్ దగ్గరే వదిలి, పాత బ్యాటరీలు సేకరించేవారికి ఇవ్వమని చెప్పండి.

ఇక అత్తమ్మ మాటలు. ఇది చివర చెబుతున్నా, మీరు మొదట చేయవలసిన పని ఇదే. బ్యాటరీ మార్చడానికి ఫోను ఇంకొకరి చేతికి ఇచ్చే ముందే ఇది పూర్తి కావాలి. ఫోనులో ఫైల్స్ అన్న యాప్ తెరిచి వాట్సాప్ ఫోల్డరులోకి, అందులో మీడియాలోకి వెళితే వాయిస్ నోట్స్ అన్న ఫోల్డరు ఉంటుంది. దాని లోపల అంకెలే పేర్లుగా చాలా ఫోల్డర్లు కనిపిస్తాయి. ఆ ఆరు అంకెల్లో మొదటి నాలుగు సంవత్సరం, చివరి రెండు ఆ సంవత్సరంలో ఎన్నో వారమన్నది. ఉదాహరణకు 202334 అంటే 2023లో 34వ వారం, అంటే ఆగస్టు నెల. అత్తమ్మ ఎప్పుడెప్పుడు మాట్లాడి పంపారో మీకు గుర్తుంటుంది కనుక పండుగలు, పబ్బాల లెక్కన వెతుక్కోవచ్చు. ఏవి ఎవరివో తేల్చుకునే శ్రమ ఇప్పుడు పెట్టుకోకుండా, ఆ వాయిస్ నోట్స్ ఫోల్డరు మొత్తాన్ని ఒక మెమరీ కార్డులోకి కాపీ చేయమని బిడ్డకు చెప్పండి. మెమరీ కార్డులు కూడా చెడిపోతాయి కాబట్టి అదొక్కటే చాలదు, ఊళ్లో ఎవరిదైనా కంప్యూటరులోంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి. ఆమె మాట్లాడింది కొడుకుతో గనుక, ఆయన చెరపకుండా ఉంటే అవే మాటలు దుబాయ్‌లో ఆయన ఫోనులో కూడా ఉంటాయి. ఆయన కూడా వాటిని ఇప్పుడే విడిగా దాచుకోవాలని ఈ రాత్రే చెప్పండి.

కొత్త ఫోను వచ్చాక, పాత ఫోనులోని వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ అన్న చోట, దాని నుంచి కొత్తదానికి నేరుగా మార్చే వీలు ఉంటుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, కొత్తదానిలో కనిపించే క్యూఆర్ కోడ్‌ను పాతదానితో స్కాన్ చేస్తే సందేశాలు, ఫొటోలు, మాటలు అన్నీ వస్తాయి. అది పూర్తయ్యేవరకు రెండింటినీ ఛార్జింగ్‌లోనే ఉంచండి, మధ్యలో పాత ఫోను ఆగిపోకుండా ఉంటుంది. అంతా అయిందనిపించాక మీరూ మీ ఆయనా కూర్చుని, కొత్త ఫోనులో అత్తమ్మ మాటలు తొలినాటివి కొన్ని, చివరినాటివి కొన్ని పెట్టి వినండి. అవి స్పష్టంగా వినిపించిన తర్వాతే పాత ఫోనులో ఏదైనా చెరపండి.